కామెంట్లు కత్తిరించిన కాపీ

కోడ్ రాసేవాళ్ళు రోజంతా కోడ్ రాస్తారని బయటివాళ్ళు అనుకుంటారు. అంత సీను లేదు. సగం రోజు చదువుతాం. మనకొచ్చిన చిక్కే ఎక్కడో ఇంకెవరికో వచ్చి, వాళ్ళు తల బాదుకుని, దారి కనిపెట్టి, నలుగురికీ పనికొస్తుందని నెట్‌లో రాసిపెడతారు. అది వెతుకుతాం. దొరికితే ఆ లింకు పక్కవాళ్ళకి పంపిస్తాం. పంపించాక, మనమే రాసినంత గొప్పగా కూర్చుంటాం. ఈ మాత్రం దానికి డిగ్రీ ఎందుకే అని మా అమ్మ ఒకసారి అడిగింది. కసురుకున్నాను.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో డిగ్నాబాద్ అనే పేట. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. డైరీ ఫార్మ్ అనే ఇంకో పేటలో ఇనప సామాన్ల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు ఉంది, అందులో పని చేస్తాను. హోటళ్ళకీ, లాంచీలు నడిపేవాళ్ళకీ బుకింగు సైట్లు కడతాం. కింద కొట్లో రాడ్లు కోస్తుంటే పైన మేం ఒకరి మాట ఒకరికి వినబడక అరుచుకుంటాం. నా గొంతు పెద్దదవడానికి కారణం అదేనని నేనంటాను. కాదు, పుట్టుకతోనే అంత అని ఇంట్లోవాళ్ళు అంటారు.

సముద్రం కింద కేబుల్ రాకముందు మా నెట్ ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. ఒక పేజీ నొక్కి, టీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఆ పేజీ ఇంకా సగంలోనే వేలాడుతుండేది. వానొస్తే ఆ సగం కూడా ఉండేది కాదు. అందుకని ఊళ్ళో కోడ్ రాసే ఏడుగురం ఒక ఏర్పాటు చేసుకున్నాం. మాలో ఎవరు చెన్నై వెళ్ళినా, వైజాగ్ వెళ్ళినా, అక్కడ కూర్చుని మిగతావాళ్ళు అడిగిన పేజీలన్నీ సేవ్ చేసి పట్టుకురావాలి. పెళ్ళికెళ్ళినా, ఆస్పత్రికెళ్ళినా ఇందులో మినహాయింపు లేదు. మాలో ఒకాయన పెళ్ళిచూపులకి వెళ్ళి, పిల్లని చూడ్డం అవగానే వాళ్ళ వైఫై పాస్‌వర్డ్ అడిగాడు. సంబంధం కుదరలేదు గానీ పేజీలు మాత్రం బోలెడు వచ్చాయి.

అలా వచ్చిన వాటన్నిటినీ ఒక ఫోల్డర్‌లో పెట్టి అందరం పెన్ డ్రైవుల్లో ఎక్కించుకునేవాళ్ళం. దాన్ని పోట్లీ అనేవాళ్ళం. హిందీలో మూట అన్నమాట. మా ఏడుగురిలో తెలుగువాళ్ళం ఇద్దరమే, మిగతావాళ్ళు తమిళం, బెంగాలీ, మలయాళం. కాబట్టి ఏ పేరు పెట్టినా హిందీలోనే పెట్టాలి.

పోట్లీ బరువు ఎక్కువైపోతోందని అందరూ గోల పెడితే, నా తెలివి కాస్త ఎక్కువ పనిచేసింది. నెట్‌లో కోడ్ గురించి ఎవరేం రాసినా దాని కింద జనం చేరతారు. ఇది బాగుందనేవాడొకడు, నువ్వొక దద్దమ్మవనేవాడొకడు, అసలు సంగతి వదిలేసి ఇంకేదో మొదలుపెట్టేవాళ్ళు పదిమంది. రెండు పేజీల రాత కింద ఇరవై పేజీల పోట్లాట. నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. అది అసలు రాత మాత్రం ఉంచి, కింది కామెంట్లన్నీ కోసేస్తుంది. పోట్లీ పావు వంతుకి దిగిపోయింది. శభాష్ అన్నారు. "చెత్త వదిలింది," అన్నాను నేను.

పోట్లీ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఆగిపోకుండా, బస్సులో ఒక పూట దూరంలో ఇంకో దీవిలో ఉన్న రంగత్ కూడా వెళ్ళేది. దానికి కారణం దీదీ.

దీదీ అంటే సొంత అక్క కాదు. రంగత్‌లో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరు. నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద. వాళ్ళదీ మా వైపే, మాటలో ఆ యాస ఇంకా గట్టిగా ఉంది. టీచర్లకి రెండు రోజుల ట్రైనింగ్ అని మా ఆఫీసువాళ్ళు నన్ను పాఠం చెప్పమన్నారు. ముప్ఫైమంది వచ్చారు. వాళ్ళలో ఇరవై తొమ్మిదిమంది భోజనం ఎప్పుడని చూస్తున్నారు. ఈవిడొక్కతే చెయ్యెత్తి, "మీరు చెప్పింది అర్థమైంది. కానీ లైన్ మధ్యలో పోతే ఏటవుద్ది?" అంది. చిర్రెత్తింది. ఎందుకంటే నేనది ఆలోచించలేదు.

ఆ తర్వాత ఆవిడకి కోడ్ రాయడం నేర్పాను. నేర్పానని గొప్పకి అంటున్నాను గానీ, నెలకోసారి పోట్లీ పెన్ డ్రైవ్‌లో వేసి, మందుల కవర్లో చుట్టి, రంగత్ బస్సు కండక్టర్ చేతిలో పెట్టేదాన్ని. అంతే. ఆవిడే చదువుకునేది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని చదివిందల్లా అందులో ఎక్కించుకునేది. తెలుగు బాగా మాట్లాడుతుంది, రాయడం రాదు. బడిలో నేర్చింది హిందీ అక్షరాలే. అందుకని తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకునేది. ఆ నోట్‌బుక్ ఆవిడ తప్ప లోకంలో ఇంకెవరూ చదవలేరు. ఇంగ్లీషులో ఉన్న వ్యాసాన్ని అంత కష్టపడి అలా దించుకునే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. మేమంతా సేవ్ చేసి మర్చిపోయేవాళ్ళం. ఆవిడ నిజంగా చదివేది.

ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. లైన్ మధ్యలో పోతే ఏటవుద్ది? లాంచీ టికెట్టుకి ఎవరో పేర్లు నింపి నొక్కుతారు, సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోతుంది. వివరాలు చేరాయా, గాలిలో కలిసిపోయాయా? దీనికో పద్ధతి కనిపెట్టాను. నింపిందంతా ఫోన్ తన దగ్గరే దాచుకుంటుంది. అవతలి నుంచి "అందింది" అని జవాబు వచ్చేదాకా పంపుతూనే ఉంటుంది. మా సైట్లలో పెట్టాను, పనిచేసింది. కోడ్ వాళ్ళంతా ప్రశ్నలూ జవాబులూ రాసుకునే ఒక సైట్‌లో ఒక మారుపేరుతో పొడుగ్గా రాసి పెట్టాను. సిగ్నల్ దొరకని చోట బతికినదాన్ని చెబుతున్నాను, వినండి అన్నట్టు రాశాను.

నా జన్మలో అంత పేరు ఎప్పుడూ రాలేదు. ఎక్కడెక్కడివాళ్ళో మెచ్చుకున్నారు. మా మిగతా ఆరుగురూ టీ పార్టీ అడిగారు, ఇచ్చాను. ఆ నెల పోట్లీలో నా రాతని నేనే అన్నిటికన్నా పైన పెట్టి, "ఇది మనది" అని పేరు పెట్టాను. కామెంట్లు కత్తిరించే పెట్టాను. రూలు రూలే కదా.

పోట్లీ రంగత్ బస్సెక్కిన వారానికి ఒకాయన నా రాత కింద కామెంట్ పెట్టాడు. ఏ దేశమో తెలీదు. మర్యాదగానే రాశాడు. "వివరాలు చేరి, 'అందింది' అన్న జవాబు ఒక్కటే దారిలో పోతే? అప్పుడు మీ ఫోన్ మళ్ళీ పంపుతుంది కదా. ఒక్కటి రెండవదా?" అని.

నాకు ఒళ్ళు మండింది. ముందు సిగ్నల్ లేని చోట ఒక నెల బతికి చూసి అప్పుడు మాట్లాడమని జవాబిచ్చాను. ఆయన మళ్ళీ మర్యాదగానే రాశాడు. నేను మళ్ళీ తగులుకున్నాను. మూడో రోజు మా లాంచీ సైట్‌లో ఒకే కుటుంబానికి రెండుసార్లు సీట్లు పడ్డాయని ఫోన్ వచ్చింది. అప్పుడు నోరు మూతపడింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బస్సులో పార్శిల్ పంపించి, చేరిందని ఫోన్ రాలేదు కదా అని ఇంకో పార్శిల్ పంపినట్టుంది నా పద్ధతి. అవతలివాళ్ళకి రెండు పార్శిళ్ళు. దీనికి మందు కూడా ఆయనే చెప్పాడు. పంపే ప్రతిదానికీ ఒక నంబరు కట్టాలి. అదే నంబరుతో రెండోసారి వస్తే అవతలివాళ్ళు తీసుకోకూడదు. అంత చిన్న సంగతి.

వెళ్ళి దిద్దాను. పేజీకి నెత్తిన పెద్ద అక్షరాలతో, ముందు నేను రాసింది తప్పు, దీన్ని వాడకండి, సరైన పద్ధతి కింద ఉంది అని పెట్టి, ఆయనకి క్షమాపణ కూడా చెప్పాను. దానికి మొదటి రాతకన్నా ఎక్కువ మెప్పు వచ్చింది. తప్పు ఒప్పుకునేవాళ్ళు ఇలా ఉండాలన్నారు. అదీ బాగానే అనిపించింది, అబద్ధమెందుకు.

సరిగ్గా ఆ వారంలోనే రంగత్ నుంచి దీదీ ఫోన్ చేసింది.

"పిల్లా, నీది చదివినాను. మూడుసార్లు చదివినాను. నోట్‌బుక్‌లో మొత్తం ఎక్కించేసినాను. ఏం రాసినావే! నేనడిగిన ప్రశ్నకి జవాబు కదా ఇది?"

అప్పుడే చెప్పెయ్యాల్సింది. ఒక్క మాట. దీదీ, అది తప్పు, దిద్దాను, రాసుకో అంటే సరిపోయేది. "బాగుందా దీదీ?" అన్నాను. చాలా బాగుందంది. వాళ్ళమ్మాయి చదువు ఎలా ఉందని అడిగాను. మాట అటు వెళ్ళిపోయింది. ఇంకోసారి చెబుదాంలే అనుకున్నాను. మిగతా ఆరుగురికీ చెప్పలేదు. టీ పార్టీ ఇచ్చి నెల కాలేదు.

తర్వాత కేబుల్ వచ్చింది. పేజీలు నొక్కగానే తెరుచుకోవడం మొదలైంది. ఒకటి రెండేళ్ళలో పోట్లీ సంగతి అందరూ మర్చిపోయారు, దీదీ తప్ప. రంగత్‌కీ నెట్ వచ్చింది గానీ, మెయిన్ రోడ్డు నుంచి వాళ్ళ సందులోకి వచ్చే లైను వానకి పడిపోతూనే ఉంటుంది. పైగా ఆవిడకి పోట్లీ అంటే గురి. కుళాయి వస్తున్నా మా ఊళ్ళో ఎవరూ డ్రమ్ముల్లో నీళ్ళు పట్టడం మానరు చూడండి, అలాగ. "నెట్‌లో వెతికితే వంద చూపిస్తాది. ఇవి మీరు ఏరి పెట్టినవి కదా," అనేది.

మొన్న జనవరిలో ఆవిడ బడివాళ్ళు వచ్చే ఏడు కంప్యూటర్ టీచరు అక్కర్లేదని చెప్పేశారు. ఇంట్లో జీతం తెచ్చేది ఆవిడొక్కతే. భర్త లాంచీ మీద పని చేసేవాడు, నడుం దెబ్బతిని మానేశాడు. కూతురు పన్నెండో తరగతి. రంగత్‌లో ఆవిడ చేసే పనికి ఇంకో చోటు లేదు. ఇంటి నుంచే చేసే ఉద్యోగం దొరకాలి, లేదా సంసారం ఎత్తుకుని ఎక్కడికైనా పోవాలి. నలభై దాటిన మనిషి మొదటిసారి కోడ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఇరవై చోట్ల పెడితే ఒక్క చోటి నుంచి జవాబు వచ్చింది. బెంగళూరులో చిన్న కంపెనీ. నాలుగు రోజుల పరీక్ష ఇచ్చారు, ఇంట్లో కూర్చుని చేసి పంపాలి.

"నిన్ను అడక్కూడదంట. ఎవరి సాయం తీసుకోకూడదని రూలు," అంది ఫోన్ చేసి. "చదువుకోవచ్చంట. పోట్లీ చూసుకుంటే తప్పు లేదు కదా?"

"అది నీదే కదా దీదీ, చూసుకో," అన్నాను. ప్రశ్న ఏమిటని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ధైర్యంగా చెయ్యి, నువ్వు మా అందరికన్నా బాగా చదివినదానివన్నాను. అది నిజమే.

తర్వాత తెలిసింది, ప్రశ్న గేదెల గురించి. పల్లెల్లో పశువులకి టీకాలు వేసేవాళ్ళు, వేసిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక ఫారం నింపుతారు. సిగ్నల్ ఉంటుందో ఉండదో తెలీదు. నింపింది పోకూడదు. ఆ ఫారం తయారు చెయ్యాలి. దీదీ నోట్‌బుక్ తెరిచింది. ఆవిడ ఎంత సంతోషపడి ఉంటుందో నేను ఊహించగలను. తనడిగిన ప్రశ్న, తనకి తెలిసినమ్మాయి రాసిన జవాబు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో టిఫిన్ బాక్స్ తెరుస్తుంటే ఫోన్ చేసింది.

"అయిపోయింది," అంది.

"ఏమైంది దీదీ?"

"వీడియోలో మాట్లాడినారు. నా ఫారం తెరిచి, ఒక గేదెని రాసి, మధ్యలో లైన్ ఆపి, మళ్ళీ పెట్టినారు. ఒక గేదె మూడు గేదెలయింది."

తెరిచిన బాక్స్ పక్కకి జరిపాను.

"ఆ సారు మంచోడే. నవ్వలేదు. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని అడిగినాడు. చదివినానన్నాను. 'ఇది రాసినావిడే తప్పని ఎప్పుడో దిద్దేసింది కదా, పేజీ పైనే ఉంది, చూడలేదా?' అని తెర మీద చూపించినాడు. పెద్ద అక్షరాలు. నీ పేరు లేదు గానీ నువ్వు పెట్టుకునే ఆ మారుపేరు ఉంది. తారీకు కూడా ఉంది."

"నువ్వేం చెప్పావు?"

"చూడలేదు సార్ అన్నాను. ఇంకేటి చెప్పాలి? చూడకుండా రాసేసే మనిషి మాకొద్దని ఆయన అనలేదు, మర్యాదగా ఇంకోలా చెప్పినాడు." తర్వాత అడిగింది. "నేను నీకు ఫోన్ చేసి బాగుందన్నాను చూడు. అప్పటికి నీకు తెలుసా?"

కింద కొట్లో రాడ్డు కోయడం మొదలుపెట్టారు. వినబడలేదని అనొచ్చు. అననందుకు ఇప్పటికీ నాకు ఊరటగా ఉంది.

"తెలుసు," అన్నాను.

"లోకమంతటికీ చెప్పినావు. రంగత్ లోకంలో లేదా ఏటి?"

"సిగ్గేసింది దీదీ."

"ముక్కూ మొహం తెలీనోళ్ళ ముందు లేని సిగ్గు నా ముందా? నేనేటి, నవ్వుతాననుకున్నావా?"

"నవ్వవు. నువ్వు నన్ను చాలా పెద్దదాన్ని చేసి చూస్తావు. ఇంకెవరూ అలా చూడరు. అది పోతుందని," అన్నాను. నా గొంతు నాకే చిరాకు పుట్టించింది. ఏడుపు ఆవిడకి రావాలి, నాకు వస్తోంది.

కంపెనీకి నేను రాయనా, తప్పు నాదని చెప్పనా అని అడిగాను.

"రాయి. దానికి నన్ను అడుగుతావేటి?" అని ఫోన్ పెట్టేసింది.

బాక్స్ మూసేసి ముందు మా ఆరుగురికీ మెసేజ్ పెట్టాను. పోట్లీలో నా రాత తప్పు, ఎవరి దగ్గరైనా ఉంటే తీసెయ్యండి అని. ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఒకరు "ఏ పోట్లీ?" అన్నారు. మిగతావాళ్ళు చూసి ఊరుకున్నారు. ఇన్నేళ్ళు నేను మోసిన సిగ్గు అంత విలువ చేసింది. తర్వాత పాత ఫోల్డర్ తెరిచి, అందులో ఉన్నవాటిని ఒక్కొక్కటే నెట్‌లో వెతికి పోల్చి చూశాను. చాలా వాటికి కింద ఎవరో ఒకరు, ఇది పాతది, ఇది పనిచెయ్యదు, ఇలా చెయ్యకండి అని రాసి ఉన్నారు. నేను చెత్త అన్నది అదే.

కంపెనీకి ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. అదే తప్పు లోకానికి రాసినప్పుడు పావుగంటలో రాశాను. ఉన్నదున్నట్టు రాశాను. నెట్ లేని రోజుల సంగతి, మేం పేజీలు మోసుకొచ్చిన సంగతి, కామెంట్లు కోసే ప్రోగ్రాం నేనే రాసిన సంగతి, దిద్దాక కూడా ఆవిడకి చెప్పని సంగతి. ఆవిడ అజాగ్రత్త మనిషి కాదు, ఆవిడ చదివిన కాపీలో ఆ పెద్ద అక్షరాలు లేవు, ఇంకొక్కసారి చూడండి అని బతిమాలుకున్నాను. నేను ఇలా ఎవర్నీ బతిమాలుకుని ఎరగను.

బుధవారం జవాబు వచ్చింది. ఆ సారే రాశాడు. ఆ ఖాళీ నిండిపోయిందట, చింతిస్తున్నారట. దాని కింద ఇంకో పేరా ఉంది. నెట్‌లో నేను దిద్దిన ఆ రాతని వాళ్ళ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళందరి చేత చదివిస్తారట. తప్పుని ఇంత వివరంగా చెప్పే మనిషి దొరకడం కష్టమట. వాళ్ళ దగ్గర పెద్ద పోస్టు ఒకటి రాబోతోంది, ఇంటి నుంచే పని, నాకిష్టమైతే పరీక్ష కూడా అక్కర్లేదు, మాట్లాడదామన్నాడు.

ఒకటికి రెండుసార్లు చదివాను. లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చి మూడోసారి చదివాను. ఇది దీదీకి చెప్పనక్కర్లేదు అనిపించింది. చెబితే బాధపడుతుంది, ఎందుకు చెప్పడం, కాస్త తేరుకున్నాక చెబుదాం. ఎంత మంచి మాటలు! అచ్చం అప్పటి మాటలే. నా మీద నాకే అసహ్యం వేసి వెంటనే ఫోన్ తీశాను.

బడి వదిలే వేళ. వెనకాల పిల్లల గోల వినబడుతోంది. మొత్తం చదివి వినిపించాను, రెండో పేరాతో సహా.

"మతలబ్, అంటే," అంది చివరికి, "నాకు లేదు గానీ నీకు ఉందంటన్నారు."

"అవును దీదీ."

"ఈసారి బేగి చెప్పినావు."

నేను ఆ ఉత్తరం మూసేశాను.

"చేరతావా?"

"తెలీదు," అన్నాను.

"నీకు తెలుసు. చెప్పు."

వద్దని రాసేస్తానని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాట వినడానికి ఎంత బాగుంటుందో కూడా ఆలోచించాను. ఆవిడ అవతల వింటోంది.

"చేరాలనే ఉంది దీదీ," అన్నాను.